రాజుగారికి దక్కని రుచి

ఆగస్టు నెల వచ్చిందంటే స్కాట్లాండులో కొండలు రంగు మారుస్తాయి. అంతవరకూ మట్టిరంగులో బోసిగా ఉన్న కొండవాలు, ఊదారంగు దుప్పటి కప్పుకున్నట్టు అయిపోతుంది. అదంతా హెదర్ అనే పొద పూత. పొద చాలాచోట్ల మోకాలి ఎత్తు కూడా ఉండదు. పువ్వు చూడబోతే బియ్యపుగింజంత. కానీ కొండకి కొండే పూస్తే ఎలా ఉంటుందో... గ్లాస్గోలోనో ఎడిన్‌బరోలోనో చదువుకునే పిల్లలు ఇంటికి పంపిన ఫొటోల్లో కొందరైనా చూసే ఉంటారు.

అక్కడి పల్లె జనానికి ఈ పొద చేయని సాయం లేదు. దాని రెమ్మలతో చీపుళ్లు కట్టుకున్నారు. ఇంటికి కప్పు వేసుకున్నారు. పడుకోవడానికి కింద పరుచుకున్నారు. ఉన్నికి రంగు వేసుకున్నారు. పూలమీద వాలే తేనెటీగల నుంచి చిక్కటి తేనె తీశారు. అన్నీ అయ్యాక ఆ పూలతోనే బీరు కాచుకున్నారు!

దాని పేరు హెదర్ ఏల్. గ్లాసులో పోస్తే లేత బంగారు రంగు. పైన పల్చటి తెల్లటి నురగ. చూడ్డానికి ఏ బీరుకైనా అంతకంటే ఏముంటుంది అనిపిస్తుంది. కానీ ఈ గ్లాసు వెనక ఓ తండ్రీకొడుకుల కథ ఉంది. స్కాట్లాండులో చిన్నపిల్లలకు కూడా చెప్పే కథ.

పూర్వం ఆ దేశం ఉత్తర భాగంలో పిక్టులనే జాతి ఉండేది. హెదర్ పూలతో బీరు కాయడం వాళ్లకొక్కరికే తెలుసట. అది తేనెకంటే తీపి, సారాకంటే మత్తు అని చెప్పుకునేవారు. స్కాట్ల రాజు దండెత్తి వచ్చి పిక్టుల్ని ఊచకోత కోశాడు. యుద్ధం గెలిచాడు. తీరా చూస్తే చుట్టూ కొండలనిండా పూలున్నాయి గానీ, బీరు కాచేవాడు ఒక్కడూ మిగల్లేదు! వెతగ్గా వెతగ్గా ఓ ముసలాయన, అతని కొడుకు దొరికారు. ఇద్దర్నీ సముద్రం ఒడ్డున కొండకొమ్ముకి తీసుకెళ్లారు. ఎలా కాస్తారో చెబితే ప్రాణభిక్ష, లేదంటే చావే అన్నాడు రాజు.

ముసలాయన రాజుని పక్కకు పిలిచాడు. వయసు మళ్లినకొద్దీ ప్రాణం మీద తీపి పెరుగుతుంది, నేను చెబుతాను, కానీ కొడుకు ఎదురుగా జాతి రహస్యం అమ్ముకోవాలంటే సిగ్గుగా ఉంది, ముందు వాణ్ని సముద్రంలో తోసెయ్యండి అన్నాడు. రాజు నమ్మాడు. కుర్రాణ్ని కట్టి కిందకి విసిరేశారు. అప్పుడు తండ్రి తలెత్తి అసలు మాట చెప్పాడు. నా భయమల్లా వాడిగురించే. కుర్రవాడు, హింస పెడితే ఎక్కడ చెప్పేస్తాడోనని. ఇక నన్ను ఏం చేసుకుంటారో చేసుకోండి, ఈ రహస్యం నాతోనే పోతుంది... అన్నాడు.

'ట్రెజర్ ఐలాండ్' రాసిన రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ ఈ కథని గేయంగా మలిచి, 1890లో వెలువడిన తన గేయాల పుస్తకంలో వేసుకున్నాడు. రష్యన్ కవి మర్షాక్ దాన్ని అనువదిస్తూ బీరుని కాస్తా తేనె పానీయంగా మార్చేశాడు. సోవియట్ దేశంలో ఎన్నో తరాల పిల్లలకు ఈ కథ అలాగే తెలుసు. బీరు ఎప్పుడూ తాగనివాళ్లకు కూడా కళ్లు చెమర్చే కథ మరి.

కథ బాగుంది. నిజమేనా?

కాదు. ఆ మాట ముందుగా చెప్పింది స్టీవెన్సనే. పిక్టులు తుడిచిపెట్టుకుపోలేదని తన గేయానికి తనే వివరణ రాసుకున్నాడు. చరిత్రలో జరిగింది ఊచకోత కాదు, కలిసిపోవడం. 9వ శతాబ్దం తర్వాత పిక్టులూ స్కాట్లూ ఒకే రాజ్యం కింద కలిసిపోయారు. పిక్టుల భాష పోయింది, పేరు పోయింది. మనుషులు మాత్రం ఉన్నారు. హెదర్ బీరూ ఉంది! థామస్ పెనంట్ అనే యాత్రికుడు 1772లో స్కాట్లాండు పడమటి దీవుల్లో తిరిగాడు. ఐలా దీవి జనం రెండు వంతులు హెదర్ లేతచిగుళ్లు, ఒక వంతు మాల్ట్ కలిపి బీరు కాచుకుంటున్నారని రాసుకున్నాడు. రాజుగారు అంత రక్తపాతం చేసి కనుక్కోలేకపోయిన రహస్యాన్ని, పెనంట్ దారినపోతూ పుస్తకంలో ఎక్కించేశాడన్నమాట.

అంతకుముందు సంగతి తవ్వకాల్లో తేలింది. స్కాట్లాండు పడమట రమ్ అనే దీవి ఉంది. (సీసాలో ఉండే రమ్ముకీ దీనికీ సంబంధం లేదు.) 1980లలో అక్కడి తవ్వకాల్లో సుమారు 4000 ఏళ్లనాటి కుండపెంకు ఒకటి దొరికింది. దానికి అంటుకున్న మడ్డిలో ధాన్యం ఆనవాళ్లతోపాటు హెదర్ పుప్పొడి కనిపించింది. పులియబెట్టిన పానీయమే అయి ఉంటుందని కొందరి ఊహ. పుప్పొడి తేనెలోంచి రావచ్చు, గాలికి కొట్టుకొచ్చీ పడవచ్చు. కాబట్టి ఒట్టేసి చెప్పలేం.

మరి ఇన్నాళ్లు బతికిన బీరు ఎందుకు మాయమైంది? కత్తికి లొంగనిది ఓ తీగకు లొంగింది. దాని పేరు హాప్స్. ఈ రోజు లోకంలో అమ్ముడయ్యే బీర్లు దాదాపు అన్నిట్లో ఆ చేదు దానిదే. గంజాయి కుటుంబానికే చెందిన మొక్క, కానీ మత్తు గుణం లేదు. బీరుని పాడుచేసే సూక్ష్మజీవుల్ని అది పెరగనివ్వదు. పాతకాలం ఏల్ కొద్దిరోజులకే పులిసిపోయేది. హాప్స్ వేసింది నెలలపాటు నిలవుండేది, ఓడలెక్కి దూరదేశాలకు వెళ్లేది. జర్మనీలో బవేరియా పాలకులు 1516లో బీరంటే నీళ్లు, బార్లీ, హాప్స్... అంతే అని చట్టమే చేశారు. బ్రిటన్ పార్లమెంటు 1710లో హాప్స్ మీద పౌనుకి ఒక పెన్నీ పన్ను వేసింది. పన్ను ఎగ్గొట్టడానికి వేరే చేదుమొక్కలు వాడతారేమోనని వ్యాపారులు వాటిని వాడకుండా నిషేధించింది. కథలో రాజు కత్తి పట్టుకుని వెంటపడిన రుచిని, ఆన్ రాణిగారి ప్రభుత్వం పెన్నీ కోసం పక్కకు నెట్టేసింది! ఆపై కొండప్రాంతాల్లో కౌలుదార్లను భూములనుంచి వెళ్లగొట్టి గొర్రెలు తోలారు. ఊళ్లకు ఊళ్లు పడవలెక్కి కెనడాకో అమెరికాకో వెళ్లిపోయాయి. ఇళ్లే ఖాళీ అయ్యాక ఇంట్లో కాచే బీరు ఎక్కడుంటుంది?

మళ్లీ ఎలా వచ్చిందంటే... 1980ల చివర్లో గ్లాస్గోలో బ్రూస్ విలియమ్స్ ఒక దుకాణం నడిపేవాడు. ఇంట్లోనే బీరు చేసుకునేవాళ్లకు కావలసిన సరుకులు అమ్మే కొట్టు. గేలిక్ భాష మాట్లాడే ఒకావిడ ఓ పాత వంటకం పట్టుకుని ఆ కొట్టుకి వచ్చిందట. ఇది హెదర్ బీరు, దీన్ని ఎలా చేయాలో తేల్చుకోవడానికి సాయం చేస్తారా అని అడిగిందట. తర్వాత పెట్టిన బ్రూవరీవాళ్లు చెప్పే కథ ఇది. పాత రాతల్లో ఏం వేయాలో ఉంటుంది గానీ ఎంత, ఎప్పుడు అనేది ఉండదు. మన అమ్మమ్మల ఊరగాయ కొలతల్లాగే... 'తగినంత'! హెదర్‌తో ఇంకో చిక్కుంది. పొద అడుగు కొమ్మలకు తెల్లటి బూజులాంటిది పడుతుంది. అది బీరులో పడకూడదంటారు. అందుకే పైనున్న పూలకొసలు మాత్రమే తుంచాలి. ఎన్నో ప్రయత్నాల తర్వాత 1992లో టేనల్ట్ అనే ఊళ్లోని చిన్న బ్రూవరీలో అమ్మకానికి బీరు కాచాడు బ్రూస్. తమ్ముడు స్కాట్ జతకలిశాడు. 2004కల్లా మకాం అలోవా పట్నానికి మారింది. ఆ బీరుకి వాళ్లు పెట్టిన పేరు ఫ్రూఖ్. గేలిక్‌లో హెదర్ అని అర్థం, అంతే.

ఇప్పపువ్వు తెలిసినవాళ్లకు ఇక్కడ ఓ సందేహం రావాలి. ఇప్పపువ్వు కండగల పువ్వు, నిండా చక్కెరే. నానేస్తే తనే పులుస్తుంది. హెదర్‌కి ఆ సత్తువ లేదు. మత్తునిచ్చేది బార్లీయే, పువ్వు ఇచ్చేది వాసన మాత్రమే. బార్లీని మొలకెత్తించి ఆరబెడితే మాల్ట్. రాగిమాల్ట్ తాగే ఇళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. మాల్ట్‌ని వేడినీళ్లలో నానబెట్టి తియ్యటి నీరు వడకట్టుకుంటారు. ఆ నీరు మరిగేటప్పుడు హెదర్ పూలు, స్వీట్ గేల్ అనే చిత్తడినేలల పొద ఆకులు వేస్తారు. స్వీట్ గేల్ ఆకు నలిపితే ఘాటైన వాసన. ఒంటిమీద ముసిరే పురుగుల్ని తరమడానికి అక్కడి పల్లెజనం వాడే ఆకే అది. మరిగాక కొంచెం చల్లార్చి, ఆ వేడినీటిని తాజా హెదర్ పూల మీద పోసి గంటసేపు ఉంచుతారు. కాషాయం కాచి దించాక తులసి వేసి మూతపెట్టినట్టు! మరిగితే పోయే సువాసన అలా నిలుస్తుంది. ఆ తర్వాతే ఈస్టు వేసి పులియబెట్టడం.

ఇక రుచి. మన ఊళ్లలో బీరంటే ఎక్కువగా లాగర్. అది చలిలో నెమ్మదిగా వారాలతరబడి తయారవుతుంది, మంచులా చల్లబరిచి తాగుతారు. ఇది ఏల్. కాస్త వెచ్చదనంలో కొద్దిరోజుల్లోనే పులుస్తుంది, పులిసేటప్పుడే పళ్లవాసన పట్టుకుంటుంది. దీన్ని గడ్డకట్టే చలిలో పెడితే డబ్బు దండగ. పది డిగ్రీల దగ్గర, అంటే ఫ్రిజ్‌లోంచి తీసి కాసేపు బయటపెట్టాక తాగాలి. ముక్కు దగ్గర పెట్టుకోగానే పూలబుట్ట పక్కనుంచి వెళ్లినట్టు ఉంటుంది. మల్లెబుట్ట కాదు. మరువం, దవనం కలిపి కట్టిన దండ వాడుతున్నప్పటి వాసన. మొదటి గుక్కలో బార్లీ మెత్తదనం, తేనెలాంటి తీపి. తేనె చుక్క కూడా వేయకుండానే ఇది. ఆ వెంటనే నాలుక పక్కల పుదీనా తగిలిందా అనిపించే చల్లటి ఘాటు. హాప్స్ చేదు కోసం ఎదురుచూస్తే దాదాపు తగలదు. తీపితోనే అయిపోతుందనుకుంటే అదీ కాదు. చివర్లో నోరు ఆరినట్టు చేసి, వైన్‌లాగా వగరుగా ముగుస్తుంది. ఆ వగరే ఇంకో గుక్క అడిగిస్తుంది.

ఆల్కహాలు 5 శాతం. ఒళ్లు తూలించే మత్తని కథల్లో చెప్పుకున్నదంతా ఇందులో వెతికితే నిరాశే. చేదు ఇష్టపడేవాళ్లు ఇది పూలనీళ్లలా ఉందని పెదవి విరుస్తారు. వాళ్ల తప్పేం కాదు. 500 ఏళ్లుగా నాలుకలకు హాప్సే అలవాటైంది మరి. ఈ అన్నదమ్ములు ఇక్కడితో ఆగలేదు. దేవదారు చిగుళ్లతో ఒకటి, గూస్‌బెర్రీతో ఒకటి, సముద్రపు నాచుతో ఒకటి కాచారు. రుచి సంగతి ఎలా ఉన్నా నాచు బీరుకి ధైర్యం కావాలి.

దీనికి తోడు తినడానికి నిప్పులమీద కాల్చిన చేప బాగుంటుంది. ఉప్పు, మిరియం తప్ప ఇంకేమీ పట్టించని కోడి బాగుంటుంది. మెత్తటి చీజ్ అయితే మరీనూ. ఆవకాయ ముద్ద మాత్రం పక్కన పెట్టుకోవద్దు. పాపం, ఆ చిన్న పూలు దానిముందు నోరెత్తలేవు.