మీ నవాబు తోట

నాంపల్లి పబ్లిక్ గార్డెన్‌కు మొదటిసారి బడి పిల్లలతో పోయిన. నల్లగొండ జిల్లాలోని మా ఊరి నుంచి బస్సులో. మ్యూజియంలో ఈజిప్టు మమ్మీని చూసొచ్చి చెట్టు కింద సద్ది విప్పుతుంటే సారు నవ్వుకుంట అన్నడు: "మంచిగ చూసుకోరా సాయిబూ, మీ నవాబు తోట!" పిల్లలంతా నవ్విన్రు. నేనూ నవ్విన. ఆ నవ్వు ఇంకా గొంతులో అడ్డంపడే ఉంది.

మొన్న నా బిడ్డను తీసుకొని మళ్లీ పోయిన. సారుకు అప్పుడు చెప్పని జవాబు ఇప్పుడు చెప్తున్న.

నవాబు మాకేమైతడు? మా తాత దొర గడీ ముందర చెప్పులు చేత పట్టుకొని నడిచినోడు. ఆ దొరల భుజాల మీదనే నవాబు గద్దె నిలబడ్డది. మాదిగింటికి, మంగలింటికి పడ్డ వెట్టే మా ఇంటికీ పడ్డది. పాలమూరుకు 1890లో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పేరు పెట్టిన్రు. పేరొచ్చింది, పొలానికి నీళ్లు రాలే. అక్కడి సాయిబు కూడా తట్ట, పార పట్టుకొని వలసపోయిండు. 'పాలమూరు లేబర్'లో ఎవడు ఏ మతమని ఏ మేస్త్రీ అడగలే.

ఎదిరించినోళ్లలో మేం లేమా? అప్పటి నల్లగొండ జిల్లా కామారెడ్డిగూడెంలో షేక్ బందగీ భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్‌తో కొట్లాడి ప్రాణమిచ్చిండు. 1948లో పత్రికా సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను రజాకార్లు చంపిన్రు. రజాకారు పేరెత్తితే మా దిక్కు చూసే కండ్లకు షోయబుల్లాఖాన్ ఎందుకు కనపడడు? 1952లో హుజూర్‌నగర్ జనం ఉపఎన్నికల్లో మఖ్దూం మొహియుద్దీన్‌ను శాసనసభకు పంపిన్రు. ఆ సభ ఈ తోట అంచునే ఉంది. నిజాం మీద తిరగబడ్డ సాయిబును గెలిపించింది నల్లగొండ రైతులే.

మనోళ్లకూ ఒక మాట. తోటలోని షాహీ మసీదులో నమాజు చదివి బయటికొచ్చి, 'అప్పట్ల మన రాజ్యముండె' అని నిట్టూర్చే భాయీ, ఎవరి రాజ్యం? జాగీర్దారుకు రాజ్యముండె. దూదేకినోడికి, టాంగా తోలినోడికి ఏముండె? నీ నిట్టూర్పే మా సారు ఎకసెక్కానికి సాక్ష్యం.

ఏటా సెప్టెంబర్ 17 వస్తే విమోచనమా, విలీనమా, విద్రోహమా అని లొల్లి. 2022లో ఆ రోజు ఈ తోటలో రాష్ట్ర ప్రభుత్వం సమైక్యత పేరుతో జెండా ఎగరేసింది. పరేడ్ గ్రౌండ్స్‌లో కేంద్రం విమోచనమని ఎగరేసింది. ఏ పేరు పెట్టినా బోనులో నిలబడేది సాయిబే. ఈజిప్టు నుంచి తెచ్చిన శవాన్ని ఎవరూ నువ్వెక్కడిదానివని అడగరు. ఇక్కడి మట్టిలో తాతముత్తాతలను పాతిపెట్టుకున్న మమ్మల్నే అడుగుతరు.

ఈ తోట పాత పేరు బాగే ఆమ్. ఆమ్ అంటే మామూలు జనం. దీని అంచున, తర్వాత శాసనసభగా మారిన టౌన్‌హాలు జనం చందాలతో 1913లో పూర్తయింది. ఆ జనంలో మేమూ ఉన్నం. రాజులు పోయిన్రు, జనం మిగిలిన్రు.

సారూ, పిల్లలను మళ్లీ తోటకు తోలుకపోతే నిజాం కథ చెప్పండి, ఏం దాచొద్దు. దాని పక్కనే బందగీ కథ కూడా చెప్పండి. సాయిబు పిల్లగాడు అప్పుడు తలదించుకొని నవ్వే అవసరముండదు.