అడవి దాచుకున్న మంచు

మనవైపు మంచు అంటే ధనుర్మాసపు మంచే. తెల్లవారుజామున వీధి చివరి ఇల్లు కనపడదు. ముగ్గు పెట్టే అమ్మాయి వేళ్లు కొంకర్లు పోతాయి. ఎనిమిదింటికల్లా ఎండ వచ్చి అంతా తుడిచేస్తుంది. కమ్ముకునే మంచే తప్ప కురిసే మంచు మనం ఎరగం. రెంటికీ మన భాషలో పేరు ఒకటే కావడంచేత, జనవరిలో మొదటిసారి సిమ్లా వెళ్లిన తెలుగువాడు కాస్త తెల్లబోవలసిందే.

సిమ్లా నడిబొడ్డున రిడ్జ్ అనే విశాలమైన చదును ఉంది. అక్కడినుంచి జాఖూ కొండకు రెండు కిలోమీటర్ల పైచిలుకు ఎక్కుడు. శిఖరం ఎత్తు 2,455 మీటర్లు. పైన ఆంజనేయస్వామి కోవెల. సంజీవని కోసం వెళుతూ స్వామి ఇక్కడ కాస్సేపు ఆగాడని స్థలపురాణం. 2010లో నిలిపిన 108 అడుగుల విగ్రహం దేవదారు చెట్ల నెత్తిమీదుగా ఊళ్లో చాలాచోట్లకు కనిపిస్తుంది. దారిపొడుగునా స్వామివారి పరివారం ఉంటుంది గనుక చేతిలో కర్ర ఉండాలి. జారుడుకూ అదే ఆధారం, కోతులకూ అదే సమాధానం.

మంచు కురిసి వెలిసిన ఉదయం ఆ దారిన నడిస్తే మొదట ఆశ్చర్యపరిచేది నిశ్శబ్దం. అప్పుడే పడిన మంచులో మంచుకంటే గాలే ఎక్కువ. ఆ సందుల్లో చప్పుడు చిక్కుకుని అణిగిపోతుంది. నాలుగు మలుపులు తిరిగేసరికి బజారు రొద వినపడదు. మన బూట్లకింద కరకర ఒక్కటే మిగులుతుంది. ఉండి ఉండి ఏ కొమ్మో బరువు దించుకుంటుంది. ధబ్బుమని ముద్ద పడుతుంది, కొమ్మ పైకి లేస్తుంది, మళ్లీ నిశ్శబ్దం.

ఈ దేవదారును శివుడు కొడుకుగా చేసుకున్నాడనీ, పార్వతి నీళ్లు పోసి పెంచిందనీ, ఏనుగు ఒరుసుకుని బెరడు ఊడితే ఆ తల్లి తల్లడిల్లిందనీ రఘువంశంలో కాళిదాసు చెప్పాడు. కవిగారి అతిశయోక్తి అనుకోవచ్చు. కాని ఆ చెట్టు చేసే ఉపకారం చూస్తే అంత ముద్దూ చెల్లుతుందనిపిస్తుంది. ఎండ తగిలే డాబాలమీది మంచు రెండు మూడు రోజుల్లో కరిగి కాలవల పాలవుతుంది. చెట్లనీడన పడినది చాలాకాలం నిలుస్తుంది. తొందర లేకుండా కరిగి, బొట్టుబొట్టుగా నేలలోకి ఇంకుతుంది. ఎండలు ముదిరాక, కింద ఏ లోయలోనో ఊటగా పైకి వస్తుంది.

జడివాన ఒకటో తారీఖు జీతంలాంటిది; చేతిలో పడ్డట్టే పడి ఖర్చయిపోతుంది. చెట్లకింది మంచు ఇల్లాలు పోపులపెట్టెలో దాచిన చిల్లర. దాని విలువ నెలాఖరున తెలుస్తుంది. వానలమీద బతికే మన కృష్ణా గోదావరులకు ఆ పోపులపెట్టె లేదు. అందుకే మన పెద్దలు చెరువులు తవ్వారు, ఆనకట్టలు కట్టారు.

ఆ పెట్టె వెలితిపడితే ఏమవుతుందో సిమ్లావాసులు 2018 వేసవిలో చూశారు. కుళాయిలు ఎండిపోయి, జనం బిందెలతో బకెట్లతో వీధుల్లో బారులు తీరారు. ఊరు పెరగడం, పాతబడిన గొట్టాలు కారిపోవడం అందుకు కారణాలే. అంతకుముందు చలికాలంలో మంచు సరిగా పడకపోవడమూ ఒక కారణమే. చిత్రమేమంటే, జనవరిలో మంచు కురవకపోతే చింతించేది చూడవచ్చిన యాత్రికుడూ, కొండలమీది ఆపిలు రైతూ మాత్రమే. తక్కిన ఊరికి చలి తగ్గిందన్న సంతోషమే. ఆ లోటు ఇంట్లోకి వచ్చేది మే నెలలో.

కనుక పిల్లలతో ఆ కొండ ఎక్కినప్పుడు మంచుముద్దలు విసురుకోండి, ఫోటోలు తీసుకోండి, ఎవరు వద్దంటారు? కాని ఒక్క నిమిషం దేవదారు నీడలో ఆగి పిల్లలకు ఈ మాట చెప్పండి. కాళ్లకింద కరకరలాడుతున్నది ఎండాకాలంలో ఎవరింటి బిందెలోనో నిండవలసిన నీళ్లు.