ముందు గవ్వలు, తర్వాత ప్రోగ్రామ్

మా అమ్మాయి ఏడో తరగతి. అమెరికాలో చాలా రాష్ట్రాలు 2010లో వచ్చిన కామన్ కోర్ ప్రమాణాలనో, వాటిని పోలిన వాటినో పాటిస్తాయి. వాటి ప్రకారం సంభావ్యత, అదే మనం ప్రాబబిలిటీ అనే పాఠం, ఏడో తరగతిలోనే మొదలవుతుంది. ఒక ఆదివారం హోమ్‌వర్క్ తెచ్చుకుంది: నాణెం 100 సార్లు ఎగరేసి, ఎన్నిసార్లు బొమ్మ పడిందో రాయాలట.

"చేత్తో ఎందుకమ్మా, ఇలా చూడు" అని ల్యాప్‌టాప్ తెరిచాను. పైథాన్‌లో పది లైన్లు రాసి, పది లక్షల సార్లు ఎగరేయించాను. రెప్పపాటులో జవాబు వచ్చింది, 0.5కి వెంట్రుకవాసి తేడాతో. నా గొప్ప చూశావా అన్నట్టు అమ్మాయి వైపు తిరిగాను.

"నాన్నా, ప్రోగ్రామ్‌లో సగం అని నువ్వే రాశావు. అది సగం అంది. ఇందులో మనకి కొత్తగా తెలిసిందేముంది?"

జవాబు చెప్పలేకపోయాను. ఆ రోజు నుంచి నా అభిప్రాయం ఒకటే. పిల్లలకి సంభావ్యత నేర్పేటప్పుడు సూత్రం కన్నా ముందు, ప్రోగ్రామ్ కన్నా ముందు, చేత్తో ప్రయోగం చేయించాలి. మనలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ళ ఇళ్ళలో ఇది మరీ అవసరం, ఎందుకంటే మనకి తొందర ఎక్కువ.

నాణెంతో వచ్చిన చిక్కేమిటంటే జవాబు అందరికీ ముందే తెలుసు. అందుకని అమ్మమ్మ ఇచ్చిన డబ్బాలోంచి నాలుగు గవ్వలు తీశాను. అష్టాచెమ్మా మీలో చాలామంది ఆడే ఉంటారు. మా ఇంటి లెక్కలో వెల్లకిలా పడ్డ గవ్వలెన్నో అన్ని గళ్ళు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా. మరి ఒక గవ్వ వెల్లకిలా పడే అవకాశం ఎంత? ఏ సూత్రమూ చెప్పలేదు. గవ్వకి ఒక పక్క ఉబ్బు, ఒక పక్క చీలిక. రెండు పక్కలూ సమానం కావు. వేసి చూడటం ఒక్కటే దారి.

వేసే ముందు ఇద్దరం మా అంచనాలు కాగితం మీద రాసుకున్నాం. నేను సగం అన్నాను, తను మూడో వంతు అంది. నాలుగు గవ్వల్నీ కలిపి 50 సార్లు వేశాం, అంటే మొత్తం 200 గవ్వలు. వాటిలో 82 వెల్లకిలా పడ్డాయి, 41 శాతం. ఇద్దరి అంచనాలూ తప్పే.

ఇప్పుడు సూత్రం పనికొచ్చింది. ఒక గవ్వ బోర్లా పడే అవకాశం 0.59 అయితే, నాలుగూ బోర్లా పడే అవకాశం 0.59ని నాలుగుసార్లు హెచ్చవేస్తే వస్తుంది, సుమారు 0.12. అంటే 50 సార్లలో ఆరు అష్టాలు పడాలి. మా కాగితంలో ఎనిమిది ఉన్నాయి. చెమ్మా ఒకటో రెండో పడాలి, ఒకటి పడింది. "ఆరు పడాలి కదా, ఎనిమిది ఎందుకు పడ్డాయి?" అంది. ఈ ప్రశ్న కోసమే ఇంత హైరానా. ఇంకో 50 సార్లు వేసి చూడాలన్న ఆలోచన తనకే వచ్చింది.

పనిలేని వాళ్ళ పని అనుకునేవారికి ఒక సంగతి. 1940 ఏప్రిల్‌లో జర్మనీ డెన్మార్క్‌ని ఆక్రమించినప్పుడు, దక్షిణాఫ్రికాలో గణితం చెప్పే జాన్ కెరిచ్ అక్కడ చిక్కుకుపోయాడు. నిర్బంధ శిబిరంలో కూర్చుని నాణాన్ని 10,000 సార్లు ఎగరేసి లెక్క రాశాడు, 1946లో దాన్ని పుస్తకంగా వేశాడు. మొదటి 100లో 44 బొమ్మలు, అంటే సగానికి ఆరు తక్కువ. మొత్తం 10,000లో 5,067, అంటే సగానికి 67 ఎక్కువ. శాతం సగానికి దగ్గరైంది గానీ, అంకెల్లో తేడా ఆరు నుంచి 67కి పెరిగింది. "ఇన్నిసార్లు బొరుసు పడింది, ఇక బొమ్మే పడాలి" అనుకునేవాళ్ళు ఈ రెండు అంకెలూ ఒకసారి చూడాలి. నాణెం పాత బాకీలు తీర్చదు.

మన సంగతి చూద్దాం. ఇంటర్మీడియెట్‌లో పెట్టెలో ఎర్ర బంతులు, నల్ల బంతులు తీసి మార్కులు తెచ్చుకున్న తరం మనది. నిజం చెప్పాలంటే ఆ బంతుల్ని నేనెప్పుడూ కళ్ళతో చూడలేదు. దాని ఫలితం చాలా ఏళ్ళ తర్వాత ఆఫీసులో తెలిసింది. అప్పుడప్పుడు మాత్రమే కనిపించే ఒక బగ్ నా వంతు వచ్చింది. సరిచేశాననుకుని టెస్టు 20 సార్లు నడిపాను, ఒక్కసారీ రాలేదు. మూసేశాను. రిలీజు తర్వాత అర్ధరాత్రి ఫోన్ మోగింది.

సగటున 20 సార్లకి ఒకసారి వచ్చే బగ్, వరుసగా 20 సార్లు నడిపినా అసలు కనిపించకుండా ఉండే అవకాశం 36 శాతం. అది పోయిందని 95 శాతం నమ్మకంతో అనాలంటే 59 సార్లు తప్పు లేకుండా నడవాలి. ఈ లెక్క కట్టడం నాకు అప్పుడూ వచ్చు. కట్టాలని తోచలేదు, అంతే. చిన్నప్పుడు ఒక్కసారైనా చేత్తో వేసి, అష్టా కోసం పదిహేను ఇరవై సార్లు ఎదురుచూసి, "ఇంతసేపు పడకపోవడమూ మామూలే" అని లెక్కతో పోల్చుకుని ఉంటే తోచేదేమో.

ప్రోగ్రామ్ వద్దని నేననడం లేదు. గవ్వల పని అయ్యాక మా అమ్మాయే అడిగింది: "ఇప్పుడు 0.41 అని పెట్టి లక్ష సార్లు వేయించు, ఎన్ని అష్టాలొస్తాయో చూద్దాం." ఆ 0.41 ఎక్కడిదో తనకి తెలుసు. 200 గవ్వలే కాబట్టి అది కాస్త అటూ ఇటూ ఉండొచ్చనీ తెలుసు. ఏ మోడల్‌కైనా మనం ఇచ్చే అంకె ఎక్కడ నుంచి వచ్చిందని అడగడం మన వృత్తిలో చాలామంది పెద్దలకే అలవాటు లేదు.

టైము లేదంటారా? 50 సార్లు వేయడానికి మాకు అరగంట పట్టలేదు. మీ ఊళ్ళో ఆదివారం తెలుగు బడి ఉంటే పని ఇంకా తేలిక. పదిమంది పిల్లలకి తలా నాలుగు గవ్వలివ్వండి, వేసే ముందు అంచనా రాయించండి, ఎవరి లెక్క వాళ్ళు బోర్డు మీద వేశాక అన్నీ కలిపి కూడండి. ఒక్కొక్కరి శాతాలు ఎంత చెదిరి ఉన్నాయో, కలిపిన శాతం ఎంత నిలకడగా ఉందో పిల్లలే కనిపెడతారు. గవ్వలు దొరక్కపోతే ఒక పక్క అరగదీసిన చింతగింజలు చాలు.

ల్యాప్‌టాప్ మాత్రం అంతవరకూ సంచీలోనే ఉండనివ్వండి.