ఇల్లు ఫ్యాక్టరీలో తయారైతే తప్పేమిటి?

"ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" అని మన పెద్దలు ఊరికే అనలేదు. పెళ్లి నాలుగు రోజుల్లో అయిపోతుంది. ఇల్లు మాత్రం కట్టినన్నాళ్లూ మనిషిని తింటుంది. కూలి చేసుకునే ఇంటికి ఇసుక, సిమెంటు ఒక ఖర్చయితే, పని మానుకున్న రోజుల కూలి ఇంకో ఖర్చు. ఈ రెండోదాన్ని ఏ ఇంజనీరూ ఎస్టిమేట్‌లో రాయడు. మిత్రులారా, మాడ్యులర్ ఇండ్ల గురించి నేను చెప్పదలచుకున్నదంతా ఈ రెండో ఖర్చు గురించే.

గోడలు, నేల, పైకప్పు, కరెంటు వైర్లు, నల్లా పైపులు అన్నీ ఫ్యాక్టరీలోనే అమర్చి, గదిని గదిగానే లారీ మీద తెచ్చి, పునాది మీద క్రేన్‌తో దించితే అది మాడ్యులర్ ఇల్లు. గోడలను కాంక్రీటు పలకలుగా పోసి తెచ్చి ఇక్కడ బిగించే ప్రీకాస్ట్ పద్ధతి దానికి తమ్ముడు లాంటిది. ఇక్కడ పునాది తవ్వుతుండగానే అక్కడ గది తయారవుతుంటుంది. వాన పడినా పని ఆగదు.

మన వైపు నుంచి గల్ఫ్ పోయి వచ్చినవాళ్లకు ఇది కొత్త కాదు. లేబర్ క్యాంపుల్లో వాళ్లు పడుకున్న పోర్టా క్యాబిన్లు ఈ జాతివే. అందుకే ఈ మాట ఎత్తగానే "రేకు డబ్బాలో ఉండుమంటవా?" అని అడుగుతారు. అడగాల్సిందే. మే నెలలో 45 డిగ్రీలు దాటే మంచిర్యాలలో ఉత్త రేకు గది మనిషి ఉండేది కాదు. నేను అనేది కాంక్రీటు గది, లేదా రెండు పలకల మధ్య వేడిని ఆపే పొర ఉన్న గోడ.

మిగతా ఇండ్ల సంగతి చూద్దాం. గూన పెంకుటిల్లంత చల్లని ఇల్లు ఇంకొకటి లేదు. కానీ ఏటా వానలకు ముందు గూన తిప్పాలి. తిప్పే మనుషులు దొరకరు, తిప్పిన గూనను కోతులు ఉంచవు. కోతుల బాధకే రేకులు వేసుకున్న ఇండ్లు మన ఊళ్లలో ఎన్ని లేవు! ఆ రేకుల ఇల్లు ఎండకు పొయ్యి, వానకు డప్పు. సింగరేణి క్వార్టరు గట్టిదే, రిటైరైతే ఖాళీ చేయాలి. 2015లో వచ్చిన డబుల్ బెడ్‌రూం పథకం 560 చదరపు అడుగుల ఇల్లు పూర్తిగా కట్టి ఇస్తామంది. కట్టే భారం పేదవాడి మీద పెట్టకపోవడం అందులో మెచ్చుకోదగ్గ సంగతి. ఆశపడ్డవాళ్లలో చాలామందికి అది అందలేదన్నది వేరే సంగతి.

ఇక అందరి కల స్లాబు ఇల్లు. 2006లో మొదలైన ఇందిరమ్మ ఇండ్లకైనా, 2024 మార్చిలో భద్రాచలంలో మొదలైన ఇప్పటి ఇందిరమ్మ ఇండ్లకైనా సొమ్ము దశలవారీగానే వస్తుంది. ఇప్పుడు 5 లక్షలు, నాలుగు విడతలు. బేస్‌మెంట్ పూర్తయితేనే మొదటి బిల్లు. అంటే మొదటి అప్పు పేదవాడిదే. మాకు మంజూరైన ఇల్లు నా చిన్నప్పుడు బేస్‌మెంట్ దగ్గర రెండు వానాకాలాలు ఆగింది. బిల్లు కోసం తిరిగిన రోజులన్నీ మా బాపు కూలి పోయిన రోజులే. ఆ బేస్‌మెంట్ మీద మా అవ్వ కందులు ఎండబోసేది. అదే నెల రోజుల్లో నిలబడే ఇల్లయితే మధ్యలో ఆగడానికి దశలే తక్కువ.

ధర మాట కూడా దాచొద్దు. కేంద్ర ప్రభుత్వం 2021 జనవరి 1న ఆరు నగరాల్లో లైట్‌హౌస్ ప్రాజెక్టులు మొదలుపెట్టింది. రాంచీలో గదులకు గదులే పోత పోసి పేర్చే పద్ధతిలో 1008 ఇండ్లు, చెన్నైలో ప్రీకాస్ట్ పద్ధతిలో 1152 ఇండ్లు. ఏడాదిలో పూర్తి చేస్తామన్నారు. చెన్నైవి 2022 మే నెలాఖరుకు ప్రారంభమయ్యాయి, రాంచీవి ఇంకా ఆలస్యమయ్యాయి. చెన్నైలో ఖర్చు 116 కోట్లు, భాగిస్తే ఇంటికి 10 లక్షల పైనే. అవి అంతస్తుల భవనాలు కాబట్టి మన ఒంటి ఇంటికి ఆ లెక్క సరిపోదు. అయినా మాడ్యులర్ అంటేనే చౌక అని ఎవరైనా చెబితే నమ్మకండి. క్రేను బాడుగ ఒక్క ఇంటికి గిట్టదు, ఒకే వాడలో ఇరవై ఇండ్లు ఒకేసారి మంజూరైతే గిట్టవచ్చు. పైగా మన వాడల సందుల్లోకి ఆటో రావడమే కష్టం, గదిని మోసే లారీ ఎక్కడ తిరుగుతుంది? అక్కడ పలకల పద్ధతే నయం.

మరి మన మేస్త్రీలు, కూలీల గతి ఏమిటంటారా? ఫ్యాక్టరీ హైదరాబాద్‌లో పెడితే వాళ్ల పని పోయినట్టే. ఇక్కడ పెట్టమనాలి. దేవాపూర్‌లో సిమెంటు ఉంది. జైపూర్‌లో 1200 మెగావాట్ల సింగరేణి థర్మల్ బూడిద ఉంది, దానితో ఇటుకలు, బ్లాకులు చేయవచ్చు. మంచిర్యాల ఐటీఐలో, బెల్లంపల్లి పాలిటెక్నిక్‌లో చదివే పిల్లలున్నారు. వానాకాలం కూడా నీడలో పని దొరికితే మేస్త్రీలు వద్దంటారా?

ఇంతకన్నా ముందు ఇది కావలసింది హాస్టళ్లకు. హాస్టల్ ఏప్రిల్ చివరన మూసి జూన్ రెండో వారంలో తెరుస్తారు. ఆ యాభై రోజుల్లోపు స్లాబు పని పూర్తి కాదు, పిల్లలు వచ్చాక సెంట్రింగ్ కర్రల మధ్య తిరగాలి. లేదంటే ఇంకో ఏడు అద్దె బిల్డింగే. స్నానాల గదులు, మరుగుదొడ్లు మాత్రం పైపులతో సహా ఫ్యాక్టరీలో తయారై వస్తాయి. ఇక్కడ పునాది, నీళ్ల కనెక్షను, సెప్టిక్ ట్యాంకు సిద్ధంగా ఉంటే చాలు, సెలవుల్లోనే పని ముగుస్తుంది. పొద్దున్నే బకెట్ పట్టుకొని లైన్లో నిలబడి ఫస్ట్ బెల్ పోగొట్టుకున్న మీకు దీని విలువ నేను చెప్పక్కర్లేదు. హాస్టల్ ఆవరణలోకి లారీ రావడానికి మన వాడల్లాంటి ఇబ్బందీ ఉండదు.

మన పూర్వ విద్యార్థుల్లో సివిల్ చదివిన అన్నలు, అక్కలు ఉన్నారు. వాళ్లలో ఎవరైనా ఒక ఆదివారం వచ్చి స్థలం కొలిచి, పది స్నానాల గదులకు మాడ్యులర్ పద్ధతిలో ఒక ఎస్టిమేట్, మామూలు పద్ధతిలో ఒక ఎస్టిమేట్ పక్కపక్కన రాసి ఇవ్వాలి. ఎన్ని రోజులు పడుతుందో కూడా రాయాలి. వచ్చే వార్షికోత్సవానికి వేదిక మీదికి వచ్చే పెద్దల చేతికి శాలువాతో పాటు ఆ కాగితం కూడా ఇద్దాం.