సబ్బుబిళ్ళా? క్రీము ట్యూబా?

గత సంచికలో ప్రెషర్ కుక్కరు వాల్వును గురించి మేము వ్రాసినది చదివి ఒక యువ సహోద్యోగి మా గదికి వచ్చాడు. "వంటింటి సంగతులు బాగానే వ్రాస్తున్నారు సార్, మా ముఖాల సంగతి కూడా కాస్త చూడండి" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గాని అతని బాధ నిజమైనది. అతనిది ధూళి లేచే విభాగంలో పని. ముఖానికి బిగుతుగా పట్టే మాస్కు లేకుండా అక్కడ అడుగు పెట్టరాదు. ఆ మాస్కు అంచు చర్మాన్ని అంటిపెట్టుకుని ఉంటేనే దాని ప్రయోజనం. మధ్యలో రెండు రోజుల గడ్డం ఉన్నా చాలు, సందులు ఏర్పడి వడపోత లేని గాలి లోపలికి జొరబడుతుంది. ఆ నెల జరిగిన మాస్కు అమరిక పరీక్షలో అతడు తప్పాడు. "గీసుకుంటే మెడంతా మంట, గీసుకోకపోతే మాస్కు పట్టదు. సబ్బు వాడమంటారా, క్రీము వాడమంటారా?" అని అడిగాడు.

సిలికా ధూళి ఊపిరితిత్తులలో చేసే గాయం మళ్ళీ మానేది కాదని మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. అందుచేత చిన్న ప్రశ్నగా కనిపించినా, ఈ నెల శీర్షికను దానికే కేటాయిస్తున్నాము. ఇది మగవారి వ్యవహారమని సోదరీమణులు పుట తిప్పివేయవద్దని మనవి. చాలా ఇళ్ళలో ఆ ట్యూబు కొనుక్కుని వచ్చేది వారే.

ముందుగా అసలు నురుగు ఎందుకో చూద్దాము. సబ్బు వెంట్రుకను మెత్తబరుస్తుందని చాలామంది నమ్మకం. మెత్తబరచేది సబ్బు కాదు, నీరు. వెంట్రుక కేరటిన్ అనే మాంసకృత్తుతో తయారైనది. పొడిగా ఉన్నప్పుడు అది గట్టిగా నిలబడుతుంది. తడిసినప్పుడు తన బరువులో దాదాపు మూడోవంతు నీటిని పీల్చుకుని ఉబ్బుతుంది. అప్పుడు దానిని కోయడానికి కావలసిన బలం బాగా తగ్గుతుంది. దీనికి రెండు మూడు నిమిషాల వ్యవధి కావాలి. నీరు గోరువెచ్చగా ఉంటే పని త్వరగా అవుతుంది. ఇక సబ్బు చేసే పనులు మూడు. వెంట్రుకకు పట్టి ఉన్న జిడ్డును తొలగించి నీటికి దారి ఇస్తుంది. ఆ నీరు ఆరిపోకుండా ముఖం మీద నిలిపి ఉంచుతుంది. బ్లేడు జారడానికి చర్మం మీద ఒక పొర పరుస్తుంది. నురుగు అంటే నీటిని మోసే పల్లకి అనుకోండి. పల్లకి అందంగా ఉండి లోపల పెళ్ళికూతురు లేకపోతే ఏమి లాభం? ఎత్తుగా, తెల్లగా, దూదిలా లేచిన పొడి నురుగు అటువంటిదే.

ఇంతకూ మన ఊరు ఉక్కు ఊరు కనుక బ్లేడును గురించి ఒక మాట. ఉక్కు కన్నా వెంట్రుక సుమారు యాభై రెట్లు మెత్తనిది. అయినా బ్లేడు మొద్దుబారుతున్నది. ఎందుకని? అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ పరిశోధకులు దీనిని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని క్రింద పరిశీలించి 2020 ఆగస్టులో 'సైన్స్' పత్రికలో ప్రకటించారు. అంచు అరిగి గుండ్రబడటం అటుంచి, అసలు సన్నసన్నని పెచ్చులుగా విరిగిపోతున్నదని వారు గమనించారు. వెంట్రుక వంగి ఏటవాలుగా తగిలినప్పుడు, ఆ చోట ఉక్కు అంతర్నిర్మాణం ఒకే తీరుగా లేకపోతే, అంచు పెచ్చు లేస్తుందని తేల్చారు. పెచ్చులేచిన అంచు చర్మాన్ని కోయదు, గీరుతుంది. ముఖం తడపకుండా హడావుడిగా గీసుకునేవారు బ్లేడు కంపెనీని తిట్టే ముందు ఈ సంగతి ఆలోచించాలి.

ఇప్పుడు బిళ్ళకూ ట్యూబుకూ తేడా. రెండింటికీ తల్లి ఒకటే: స్టియరిక్ ఆమ్లం, కొబ్బరినూనె వంటి కొవ్వు పదార్థాలను క్షారంతో కలిపి చేసినవే. కాస్టిక్ సోడా వాడితే గట్టి సబ్బు వస్తుంది, కాస్టిక్ పొటాష్ వాడితే మెత్తనిది, నీటిలో త్వరగా కరిగేది వస్తుంది. గడ్డపు సబ్బుబిళ్ళలో సాధారణంగా రెండు క్షారాలూ కలుస్తాయి. క్రీములో ముఖ్యంగా పొటాష్ సబ్బే ఉంటుంది. దానికి గ్లిజరిన్, విడి స్టియరిక్ ఆమ్లం తోడవుతాయి. మిగిలినది చాలా వరకు నీరే. అంటే క్రీము కొన్నవారు సబ్బుతోబాటు నీటిని కూడా డబ్బిచ్చి కొంటున్నారు. అది మోసమేమీ కాదు. సబ్బును ముందే నానబెట్టి ఇచ్చినందుకు కూలి అనుకోవచ్చు. కొబ్బరినూనె సబ్బు పెద్ద బుడగలను వెంటనే లేపుతుంది, అవి వెంటనే పోతాయి. స్టియరిక్ ఆమ్లపు సబ్బు చిన్న బుడగలను ఆలస్యంగా లేపుతుంది, అవి నిలుస్తాయి. ఒళ్ళు తోముకునే సబ్బుతో గడ్డం గీసుకుంటే రెండో చెంపకు వచ్చేసరికి నురుగు ఎండిపోవడానికి కారణం ఇదే.

మన యువమిత్రుడు ఇవన్నీ ఓపికగా విని, "నేను రెండూ వాడి చూశాను సార్, రెండూ మండుతున్నాయి" అన్నాడు. అప్పుడు మాకు అడగవలసిన ప్రశ్న తోచింది: మీ ఇంట్లో నీరు ఏది? సువర్ణరేఖకు ఆవలి ఒడ్డున అద్దె ఇల్లు, బోరు నీరు అని చెప్పాడు. నీళ్ళు కాచే గిన్నెలో తెల్లని పెచ్చు కడుతుందా అని అడిగితే, నెలకొకసారి గోకవలసి వస్తున్నదని చెప్పాడు.

జంషెడ్‌పూర్‌లో ఇది అందరూ గమనించదగిన విషయం. దాల్మా కొండల పాదాన ఉన్న డిమ్నా జలాశయం నీరు గాని, సువర్ణరేఖ నుండి శుద్ధిచేసి పంపే నీరు గాని కుళాయిలో వచ్చే ఇళ్ళలో నురుగు తేలికగా లేస్తుంది. ఆ నీటిలో ఎక్కువ భాగం వాననీరే కదా. అదే బోర్ల మీద ఆధారపడిన బస్తీలలో రాళ్ళ మధ్య నిలిచిన నీరు సున్నపు లవణాలను వెంట తెచ్చుకుంటుంది. కఠినజలంలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బుతో కలిసి కరగని తెట్టుగా మారతాయి. బకెట్టు అంచున బూడిదరంగు చారగా కనిపించేది అదే. గడ్డం మీద కూడా అదే పేరుకుంటుంది.

దీనికి ఒక చిన్న లెక్క వేసి చూపించాము. పాఠకులు కూడా వెంట రండి. త్రాగునీటి కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకుండా ఉంటే మంచిదనీ, వేరే ఆధారం లేనిచోట 600 వరకు పోవచ్చుననీ భారతీయ ప్రమాణం. అతని బోరు నీటిది నడిమధ్యన 400 అనుకుందాము. ఒక పర్యాయం నురుగు చేయడానికి 20 మిల్లీలీటర్ల నీరు పట్టిందనుకుంటే అందులో 8 మిల్లీగ్రాముల కాఠిన్యం ఉంటుంది. ఒక్కొక్క మిల్లీగ్రాము సుమారు ఆరున్నర మిల్లీగ్రాముల సబ్బును మింగుతుంది. అంటే 52 మిల్లీగ్రాముల సబ్బు నురుగు కాకుండా తెట్టు అవుతుంది. ఇప్పుడు మన మిత్రుడు పొదుపు కోసం శనగగింజంత క్రీము, అంటే అర గ్రాము, తీసుకుంటున్నాడు. అందులో మూడోవంతు సబ్బు అనుకుంటే దాదాపు 165 మిల్లీగ్రాములు. దానిలో మూడోవంతు నీటికే బలి. మిగిలినదానితో ముఖమంతా సరిపెట్టుకోవాలి. అదే అర గ్రాము గట్టి సబ్బును బ్రష్షుకు పట్టించి ఉంటే 400 మిల్లీగ్రాముల సబ్బు వచ్చేది, పోయేది ఎనిమిదో వంతు మాత్రమే. క్రీమునే ఒక గ్రాము తీసుకుంటే నష్టం ఆరోవంతుకు తగ్గుతుంది.

"అయితే సబ్బుబిళ్ళ కూడా నాకెందుకు పనిచేయలేదు?" అన్నాడతడు. ఎలా వాడావని అడిగాము. బ్రష్షును బిళ్ళమీద నాలుగుసార్లు తిప్పి ముఖానికి రాసుకున్నాడట! నాలుగు తిప్పులకు అర గ్రాము ఎక్కడ వస్తుంది? తడిబ్రష్షును గట్టిగా విదిలించి, అర నిమిషం పాటు బిళ్ళమీద తిప్పాలి. వెంట్రుకల మధ్య వెన్నలాంటి ముద్ద కనిపించాలి. ఆ తరువాతనే నీరు, అదీ చుక్కచుక్కగా. ఉదయం ఆరు గంటల షిఫ్టుకు నాలుగున్నరకే లేచేవానికి ఈ అర నిమిషం బరువే. క్రీము సౌకర్యమంతా ఇక్కడే ఉంది.

అతనికి మేము చెప్పినది ఇది: క్రీమే వాడు, కాని బాదంగింజంత తీసుకో. రాత్రి ఒక చెంబు నీరు బాగా మరిగించి కదపకుండా ఉంచు. కాఠిన్యంలో కొంతభాగం మరిగితే అడుగున తెల్లగా దిగిపోతుంది. తెల్లవారి పైతేట నీరు మాత్రం వంచుకుని వేడిచేసుకో. ముందు ముఖం కడుక్కుని, నురుగు పట్టించి, ఆ తరువాత పళ్ళు తోముకో. ఈలోగా వెంట్రుక నానుతుంది. మెడ దగ్గర వెంట్రుక ఎటు వాలి ఉన్నదో చేతితో తడిమి చూసి అటువైపే గీయి. మాస్కుకు కావలసినది వాలువైపు గీసిన చర్మమే, అద్దంలా మెరవనక్కరలేదు. ఎదురు గీస్తే వెంట్రుక చర్మం లోపలికి తెగి, మళ్ళీ మొలిచేటప్పుడు ప్రక్కకు తిరిగి కురుపు లేస్తుంది. బ్లేడు విషయంలో లోభం వద్దు.

మూడు వారాల తరువాత అతడు మాస్కు పరీక్ష నెగ్గాడు. మెడమీద ఇంకా నాలుగు మచ్చలున్నాయి గాని మంట లేదట.

బ్రష్షును గురించి ఒక హెచ్చరిక. ఇంట్లో ఇద్దరు ముగ్గురు మగవారున్నా ఎవరి బ్రష్షు, ఎవరి బ్లేడు వారివే కావాలి. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో, శుద్ధిచేయని గుర్రపు వెంట్రుకలతో చేసిన బ్రష్షుల వల్ల ఇంగ్లండులోనూ అమెరికాలోనూ కొందరికి ఆంత్రాక్స్ సోకింది. నేటి బ్రష్షులతో ఆ భయం లేదు. అయినా తడి బ్రష్షును మూతపెట్టి దాచకుండా వ్రేలాడదీయడం మంచిది. సబ్బుబిళ్ళకు కూడా అడుగున నీరు కారిపోయే దారి ఉండాలి. లేకపోతే మన వానాకాలంలో పదిహేను రోజులకే అది పాయసమవుతుంది.

మా స్వంత పక్షం అడిగితే, మేము ముప్పై ఏళ్ళుగా సబ్బుబిళ్ళ మనుషులము. ఆ అలవాటు మా నాన్నగారిది. శ్రీకాకుళం దగ్గరి పల్లెనుండి ఉద్యోగం కోసం ఈ ఊరు వచ్చినప్పుడు ఆయన రేకుపెట్టెలో ఒక ఇత్తడి గిన్నె ఉండేది. అందులో గుండ్రని గోద్రెజ్ సబ్బుబిళ్ళ. ఆదివారంనాడు గిన్నెలో బ్రష్షు తిరిగే చప్పుడు వినిపిస్తే, నాన్నగారు ఆ పూట ఇంట్లో ఉంటారని మాకు తెలిసేది. క్రీము వాడేవారిని చూసి ఆయన "పళ్ళపొడి మానేసి పేస్టు పట్టారు, ఇప్పుడు ముఖానికి కూడానా" అనేవారు.

రెండేళ్ళ క్రితం ఆయనకు పక్షవాతం వచ్చి కుడిచేయి పడిపోయింది. అప్పటినుండి రోజు విడిచి రోజు ఆయన గడ్డం మేమే గీస్తున్నాము. వయసుమీద చర్మం పలచబడి, వదులై, ముడతలు పడి ఉంటుంది. ఒకచేత్తో చర్మాన్ని సాగదీసి పట్టుకుంటేగాని బ్లేడు కదపడానికి లేదు. మధ్యలో ఆయన అలసిపోతారు, కాసేపు ఆగాలి. ఆగినప్పుడల్లా మా సబ్బు నురుగు ఎండిపోయేది. మొదటివారంలోనే రెండుచోట్ల తెగింది. ఆయన ఏమీ అనలేదు. అదే మాకు ఎక్కువ బాధ కలిగించింది. (రక్తం పలచబడే మందులు వాడేవారికి మాత్రం వైద్యుని సలహా అడిగి ఎలక్ట్రిక్ రేజరు వాడడమే క్షేమం.)

చివరకు మా శ్రీమతి ఒక క్రీము ట్యూబు కొనుక్కొచ్చి బల్లమీద పెట్టింది. గ్లిజరిన్ ఉన్నందువల్ల ఆ నురుగు పావుగంట తరువాత కూడా తడిగా ఉంది. ఆరినచోట వేలితో కొంచెం క్రీము అద్ది బ్రష్షు తిప్పితే చాలు, గిన్నె దగ్గరకు మళ్ళీ పరుగెత్తనక్కరలేదు. గాట్లు పడటం ఆగింది. కాని నాన్నగారు ముఖం ప్రక్కకు తిప్పుకునేవారు. మూడో రోజున సంగతి చెప్పారు, ఆ వాసన తమకు పడదని.

అందుచేత ఇప్పుడు మేము రెండూ కలుపుతున్నాము. ముందు ఇత్తడి గిన్నెలో బ్రష్షును సబ్బుబిళ్ళ మీద తిప్పి, దానిమీద వాసనలేని క్రీము చిక్కుడుగింజంత వేసి, వేడినీటి చుక్కలతో గిలకొడతాము. నురుగు పెరుగుమీగడలా వస్తుంది, ఎండదు. మొదటిసారి అలా చేసినప్పుడు నాన్నగారు కళ్ళు మూసుకుని గడ్డం పైకెత్తారు. సగం గీసిన తరువాత, ఇంకా సరిగా తిరగని నాలుకతో, "మెడకాడ ఎదురు గీకకురా" అన్నారు.