మెరిసే గొట్టం, పగిలిన మానిఫోల్డు

జంషెడ్‌పూర్ జుగ్సలాయిలో పికప్పు బండి సరదాకి కొనరు. పొద్దున్న పర్సుడీ మండీ నుంచి ఉల్లిపాయలు, మధ్యాహ్నం బట్టల బేళ్లు, సాయంత్రం ఎవరింటికో సిమెంటు, కడ్డీలు. బ్యాంకు కిస్తీ తీర్చేది అదే, పిల్లల ఫీజు కట్టేది అదే. అలాంటి బండికి హెడర్ వేయించాలని మన కుర్రాళ్లు ఈమధ్య తెగ ఉబలాటపడుతున్నారు. తాత శ్రీకాకుళం నుంచి వచ్చి టాటా కంపెనీలో చేరాడు, తండ్రి టెల్కోలో రిటైరయ్యాడు, మనవడు సొంత బండి నడుపుతున్నాడు. ఆ మనవల్లో ఒకడు ఫోన్లో వీడియో చూపించి అడిగాడు: "మావయ్యా, ఇది ఏయిస్తే బండి బాగా లాగుతాదంట. నిజవేనేటి?"

"నిజమే బావూ. నీ బండికి మాత్రం కాదు" అన్నాను.

సిలిండర్లలో కాలిన పొగ బయటికి రాగానే ముందు చేరేది మానిఫోల్డులోకి. కంపెనీ ఇచ్చేది ఎక్కువగా పోత ఇనుముది, పొట్టిగా, బరువుగా ఉంటుంది. దాని బదులు సిలిండరుకో ఉక్కు గొట్టం చొప్పున ఇంచుమించు ఒకే పొడవున వంచి, చివర ఒకచోట కలిపితే అది హెడర్. పొగ ధారగా రాదు, విడతలు విడతలుగా తన్నుకొస్తుంది. ఒక విడత దూసుకుపోయాక దాని వెనక ఒత్తిడి పడిపోతుంది. గొట్టాల పొడవు సరిగ్గా కుదిరితే, ఆ లోటు తర్వాతి సిలిండరులో పొగను బయటికి లాగేస్తుంది. నాలుగు సిలిండర్ల ఇంజను 1-3-4-2 వరుసలో పేలుతుంది కాబట్టి ఒకటిని నాలుగుతో, రెండుని మూడుతో జతచేసి, ఆ రెండు జతలను మళ్లీ ఒక గొట్టంలో కలిపే పద్ధతీ ఉంది. ఇందులో మోసమేమీ లేదు. వీడియోలో ఉన్నది అమెరికా పికప్పు: ఎనిమిది సిలిండర్లు, పెట్రోలు, టర్బో లేదు. దానికి హెడర్ వేస్తే బలం పెరుగుతుంది.

మన వీధుల్లో తిరిగేది బొలెరో పికప్పు, యోధా. కాస్త డబ్బున్నవాళ్ల దగ్గర ఇసుజు డి-మాక్స్, అదీ 2016 నుంచి మన శ్రీసిటీలో తయారవుతున్నదే. దాదాపు అన్నీ టర్బో డీజిలు బళ్లు. టర్బో చక్రాన్ని తిప్పేది పొగలోని వేడి, ఒత్తిడి. కంపెనీ మానిఫోల్డును పొట్టిగా, మందంగా పోసింది పిసినారితనంతో కాదు, ఆ వేడి దారిలో జారిపోకుండా టర్బో దాకా చేరడానికి. పొడవాటి సన్న గొట్టాలు పెడితే వేడి బానెట్ కిందే పారిపోతుంది, టర్బో ఆలస్యంగా అందుకుంటుంది. నిండు లోడుతో ఓవర్‌బ్రిడ్జి ఎక్కేటప్పుడు ఆ ఆలస్యం ఏమిటో డ్రైవరుకు తెలుస్తుంది. పైగా టర్బో బరువంతా మానిఫోల్డు మీదే వేలాడుతుంది. మిల్లీమీటరున్నర మందం రేకు గొట్టం మీద ఆ బరువు, ఆ అదురు, ఆ వేడి పడితే వెల్డింగు దగ్గర చీలుతుంది. టర్బో కోసం లెక్కకట్టి చేసిన గొట్టాల మానిఫోల్డులు రేసుబళ్లకు ఉన్నాయి, కాదనను. ఉల్లిపాయలు రేసుకు వెళ్లవు.

టర్బో లేనిది పాత టాటా ఏస్. 2005లో వచ్చిన ఆ చిన్న బండికి రెండు సిలిండర్లు, 702 సీసీ, పదహారు హార్స్‌పవర్. దానికి హెడర్ పెట్టి సంపాదించే బలం కంటే రెండు బస్తాలు తక్కువ ఎక్కిస్తే దొరికే సుఖం ఎక్కువ. "మరి మా ఫ్రెండు బండి లాగుతోందే!" అంటారు. మోత పెరిగితే వేగం పెరిగినట్టే అనిపిస్తుంది.

2020 ఏప్రిల్ 1 తర్వాత వచ్చిన బీఎస్-6 బళ్ల సంగతి ఇంకా తేడా. డీజిలు బండిలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. పట్టిన మసి కాలాలంటే దాదాపు ఆరువందల డిగ్రీల వేడి కావాలి. ఆ వేడిని ముందే పోగొడితే ఫిల్టరు పూడుకుపోయి డ్యాష్‌బోర్డు మీద దీపం వెలుగుతుంది. పెట్రోలు బళ్లలో చాలావాటికి కేటలిటిక్ కన్వర్టరు మానిఫోల్డుకు ఆనుకునే ఉంటుంది. మానిఫోల్డును ఊడదీస్తే కన్వర్టరుకీ చోటు పోతుంది. "పాత సామాను మాకొదిలెయ్యండి" అని దుకాణంవాడు మర్యాదగా అడిగితే జాగ్రత్త పడాలి. కన్వర్టరులో ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉంటాయి. గుజరాత్‌లో మారుతీ ఈకో వ్యాన్ల సైలెన్సర్లను దొంగలు వరసపెట్టి విప్పుకుపోయింది వాటికోసమే.

ఇంతకీ బళ్లు నిజంగా లాగడం లేదా అంటే, కొన్ని లాగడం లేదు. కారణం షెడ్డులో కనిపిస్తుంది. పొద్దున్నే చల్లటి ఇంజను స్టార్టు చేయగానే టిక్ టిక్ టిక్ మంటుంది, వేడెక్కాక ఆగిపోతుంది. మానిఫోల్డు గ్యాస్‌కెట్ దగ్గర నల్లటి మసి చార. వేడికి ఇనుము వ్యాకోచించి సందు మూసుకుంటుంది కాబట్టి డ్రైవరు పట్టించుకోడు. టర్బోకి చేరాల్సిన ఒత్తిడి ఆ సందులోంచే పోతోంది. క్యాబిన్‌లోకి పొగ వస్తే అది ప్రాణం మీదికి కూడా రావచ్చు.

అక్కడ మిస్త్రీ పని చూడాలి. ఏళ్ల తరబడి కాలి, తుప్పుపట్టిన మానిఫోల్డు స్టడ్డు రెంచి వేయగానే హెడ్డు లోపల పుటుక్కున విరుగుతుంది. కిరసనాయిలు పోసి రాత్రంతా నాననిస్తాడు. తెల్లారి, విరిగిన ముక్క మీద నట్టు పెట్టి దాని మధ్యలోంచి వెల్డింగు పోస్తాడు. నట్టు ఎర్రబడి, కాస్త చల్లారుతుండగా పానా వేసి ముందుకి కొంచెం, వెనక్కి కొంచెం ఆడిస్తాడు. తొందరపడితే మళ్లీ విరుగుతుంది. తర్వాత మానిఫోల్డు ముఖం మీద స్కేలు ఆనించి, కింద ఫీలర్ గేజి దూర్చి ఎక్కడ వంగిందో చూస్తాడు. వంగితే ఫేసింగు కొట్టిస్తాడు. కొత్త గ్యాస్‌కెట్ వేసి, నట్లు మధ్య నుంచి మొదలుపెట్టి చివరలకు బిగిస్తాడు. ఒకేసారి కాదు, విడతలుగా. వారం తిరిగాక బండి చల్లగా ఉన్నప్పుడు మళ్లీ రమ్మంటాడు, బిగింపు చూడటానికి. ఈ పనితో బండికి తిరిగొచ్చే లాగుడు ఏ హెడరూ తేలేదు.

చట్టం మాట కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషనులో ఉన్న కంపెనీ వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో, యజమాని చట్టవిరుద్ధంగా చేయించిన ఒక్కో మార్పుకు అయిదు వేల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు. మోత, పొగ హద్దు దాటితే మొదటిసారే పదివేల దాకా పడవచ్చు. విశాఖలో పోలీసులు మోటారు సైకిళ్ల సైలెన్సర్లను రోడ్డు రోలరుతో తొక్కించారు. చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ అవి తయారుచేసినవాడు, అద్దాల బీరువాలో పెట్టి అమ్మినవాడు ఆ రోలరు దగ్గర ఎక్కడా కనపడరు. అమ్మకాన్ని వదిలి కొన్న కుర్రాడినే పట్టుకోవడం నాకు సగం పనిలాగే కనిపిస్తుంది.

ఇదంతా తెలిసీ హెడర్ ఎందుకు బిగిస్తావని ఒక మిస్త్రీని అడిగాను. విరిగిన స్టడ్డు తీసినందుకు మజూరీ అడిగితే సగానికి బేరమాడతారట. మెరిసే గొట్టం బిగిస్తే మాత్రం అడిగినంతా ఇచ్చి, పైన టీ కూడా తాగించి పోతారట.