పురుగు కనబడితే మందేనా?

2019 ఎండాకాలంలో వాషింగ్టన్ డి.సి.లో స్మిత్సోనియన్ వాళ్ళ నేచురల్ హిస్టరీ మ్యూజియంకి వెళ్ళాం. ఆ జూన్‌లోనే కొత్తగా తెరిచిన డైనోసార్ల హాలు చూడాలని నాకు, పురుగులు చూడాలని మా పాపకి. ఎవరి మాట నెగ్గిందో చెప్పక్కర్లేదు కదా :)

1976లో మొదలైన ఇన్‌సెక్ట్ జూ అది, బతికున్న పురుగులే ఉంటాయి. తమాషా ఏంటంటే, దానికి పెట్టిన పేరు ఒట్టో ఆర్కిన్‌ది. ఎలుకల మందు అమ్మి, పురుగుల్ని చంపే కంపెనీ పెట్టినాయన!

అక్కడొక వాలంటీరు ఓ ఫోటో చూపించి ఇదేంటో చెప్పమంది. నల్లగా, నారింజ మచ్చలతో, బుల్లి మొసలిలా ఉంది. జమ్మలమడుగు దగ్గర మా పత్తిచేలో ఎన్నిసార్లు చూశానో! పాపకన్నా ముందు నేనే "చెడ్డ పురుగు" అనేశా. ఆవిడ నవ్వి, కాదు, లేడీబగ్ పిల్ల అంది. మనం అక్షింతల పురుగు అంటామే, అదే. పేనుబంకని తిని పైరుని కాపాడుతుందట.

మనసు చివుక్కుమంది. తొంభైల్లో వీటిని చూపించి "నాయనా, పురుగు పడింది" అని చెప్పింది నేనే. నాయన ప్రొద్దుటూరు పోయి అంగట్లో ఏ మందిస్తే అది తెచ్చి కొట్టేవాడు. పేనుబంకతో పాటు దాన్ని తినేవీ చచ్చేవి. పేనుబంక పిల్లల్ని పెట్టే వేగం ఎక్కువ, మళ్ళీ ముందు అదే వచ్చేది. మళ్ళీ మందు, మళ్ళీ అప్పు. మన భాషలో చెప్పాలంటే, వైరస్ వచ్చిందని యాంటీవైరస్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేసుకోవడం! 2002లో బీటీ పత్తి వచ్చినా అది కాయతొలిచే పురుగులకే, పేనుబంకకి కాదు.

ఆ రాత్రే ఫోన్ చేసి చెప్పా. "ఇప్పుడు చెప్తే ఏం లాభం రా, మీయమ్మ గొలుసు ప్రొద్దుటూరు బజార్లో ఎప్పుడో పాయ గదా" అన్నాడు నాయన.

రైతులకి పొలంబడిలో మిత్రపురుగుల్ని చూపిస్తున్నారు, మంచిదే. కానీ అది నలభై ఏళ్ళకి కాదు, పదేళ్ళకే తెలియాలి. పులివెందులలో చదివేటప్పుడు పురుగుల బొమ్మలు గీసి మార్కులు తెచ్చుకున్నా గానీ, చేలో ఏది మనదో ఏది కాదో తెలియలేదు. దానికి స్మిత్సోనియన్ అక్కర్లేదు. బడికో గాజు బీరువా, మన చేలల్లోని ఇరవై పురుగులు, తెలుగు పేర్లు, గుడ్డు నుంచి రెక్కల దాకా ఫోటోలు చాలు. మనం రెండేళ్ళకోసారి మార్చే ఫోనంత ఖర్చు కాదు.

మా ఊరి బడితో నేను మొదలుపెడుతున్నా. మీ వైపు ఏ పురుగుని ఏమంటారో కాస్త చెప్పి పుణ్యం కట్టుకోండి.